మనుశ్రీ గ్లాసు

కురవిలో అత్తమ్మకు,

జనగామ నుంచి మీ కోడలి నమస్కారాలు. ఫోన్‌లో చెబుతుంటే సగంలోనే పెట్టేస్తున్నారు, అందుకే ఈ ఉత్తరం.

మనుశ్రీకి సిస్టిక్ ఫైబ్రోసిస్. ఎంత తిన్నా ఒంటికి పట్టని జబ్బు. పాలు, పల్లీల ముద్ద, అరటిపండు, నెయ్యి కలిపి చిక్కగా తాగించమని డాక్టరు చెప్పాడు. సెలవులకు పిల్లను మీ దగ్గర వదిలినప్పుడు మిక్సీ ముందు నిలబడి చేసి కూడా చూపించాను. మొన్న ఆదివారం వచ్చి ఎత్తుకుంటే ఇంకా తేలికైపోయింది. చంకలో ఉండగానే చెప్పింది: "నాయనమ్మ గల్లీల పోరగాండ్లందరికి తలా ఇంత పోసి, మిగిలింది నాకిస్తది మమ్మీ."

అడిగితే మీరేమన్నారు? "గంతమంది పిల్లలు సూస్తుంటె ఒక్కదానికే ఎట్ల తాపుత బిడ్డా? దిష్టి తాకదా?"

వాళ్లకూ పోయండి, కాదనను. మజ్జిగ పోయండి, షర్బత్ పోయండి. మనుశ్రీ గ్లాసు జోలికి మాత్రం పోకండి. తలుపేసి, ముందు అరుగుదల గోలీ మింగించి, చివరి చుక్క దాకా పిల్లతోనే తాగించండి.

దిష్టి తాకాలన్నా ఒంటి మీద ఇంత కండ ఉండాలి కదా, అత్తమ్మా!

మీ కోడలు