కోస్తే నీలం

1958 ఆగస్టు 11, సోమవారం

పొద్దున పంచాయితీ ప్రెసిడెంటు రామకృష్ణారెడ్డి ఇంట్లో నలుగురికి వాంతులు. నిన్న సంతలో హులిగెమ్మ దగ్గర పుట్టగొడుగులు కొని రాత్రికి పులుసు పెట్టారట. మిగిలింది పొద్దున సంగటిలోకి వేసుకున్నారట. వండకుండా మిగిలిన ఒక గొడుగును హైస్కూలుకు పంపించారు. సైన్సు మాస్టర్ని నేనే కాబట్టి ఊళ్లో అంతుపట్టనిది ఏదైనా నా బల్ల మీదికే వస్తుంది. రావడమే సబబు.

సా. 5 గం.

తేల్చేశాను. టోపీ అడుగున రేకులు లేవు. పసుపుపచ్చని సన్న రంధ్రాలు, స్పాంజి మాదిరి. బొలీటస్ జాతి, అనుమానం లేదు. బ్లేడుతో కోస్తే నిమిషంలో నీలం తిరిగింది. మద్రాసులో కొన్న పుస్తకంలో ఉండనే ఉంది: నీలం తిరిగే బొలీటస్ తినకూడదు. విషం అని కాయితం రాసి, సంతకం పెట్టి పంపాను. పది నిమిషాల పని.

ఆగస్టు 12

అందరికీ నయమైంది. నా కాయితం పంచాయితీ ఆఫీసు తలుపుకు అంటించారు. హులిగెమ్మ ఇక సంతలో కూర్చోకూడదట. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని హెడ్మాస్టరు అన్నారు.

ఆగస్టు 14

హులిగెమ్మ స్కూలుకొచ్చింది. మొగుడు లేడు. వానలు పడిన రెండు నెలలూ చింతతోపులో గొడుగులు ఏరి అమ్ముతుంది, మిగతా కాలం కూలికి పోతుంది. ఈ ఏడు కూలి కూడా లేదు. ఇరవై ఏండ్ల నుంచి తింటాండా, నా బిడ్డలూ తింటాండారు, ఎవురన్నా సచ్చిరా అని అడిగింది. నీలం తిరుగుతుంది గదమ్మా అన్నాను. కోస్తే అట్లే అయితాది, పొయ్యి మీద పెడితే పోతాది అంది. నోటి మాట సాక్ష్యం కాదు, పుస్తకంలో ఉండాలి అని చెప్పి పంపాను. శానా సదివినావులే అప్పా అని వెళ్లిపోయింది. అది పొగడ్త కాదని ఆమె గేటు దాటాక గానీ తట్టలేదు.

ఆగస్టు 17, ఆదివారం

సంతలో ఆమె చోట వేరే ఎవరో ఉల్లిగడ్డలు పోసుకున్నారు.

ఆగస్టు 20

కళాయి సాయిబు వచ్చాడు. ఏటా ఉగాదికి ముందే వచ్చి ఊళ్లో ఇత్తడి గిన్నెలన్నిటికీ లోపల కళాయి పూసి పోయేవాడు. ఈసారి కాలు విరిగి ఇప్పుడొచ్చాడు. ప్రెసిడెంటు ఇంటి ముందే కొలిమి పెట్టాడు. నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మా కులం వాళ్లకు అరుగే హద్దు, గ్లాసూ వేరే.

ప్రెసిడెంటు భార్య కృష్ణవేణమ్మ ఒక పెద్ద గిన్నె తెచ్చి సాయిబు ముందు పెట్టింది. లోపల కళాయి అన్నది లేదు. అంచు చుట్టూ పచ్చటి చిలుము. ఆపొద్దు గొడుగుల పులుసు దీంట్లోనే కాచితిని, అప్పట్నుంచి దీన్ని ముట్టనేలేదు అని సాయిబుతో చెప్పింది.

చింతపండు పులుసు, రాత్రంతా, కళాయి లేని ఇత్తడిలో. పులుపు తగిలితే ఇత్తడి చిలుము విషమై కూరలోకి దిగుతుందని మూడో ఫారం పిల్లలకు పాఠం చెప్పేది నేనే. గ్లాసు అరుగు మీదే పెట్టేసి లేచాను.

సాయంత్రం

పుస్తకం తీశాను. నీలం సంగతి పేజీలో ఆఖరి వాక్యం. తర్వాతి రెండు పేజీలూ అచ్చువాళ్లు అంచు కత్తిరించకపోవడంతో అతుక్కునే ఉన్నాయి. కొన్న ఆరేళ్లకు ఈ రోజు చీల్చాను. నీలం ఒక్కటే చూసి విషమని తేల్చరాదు, పసుపు రంధ్రాలున్నవాటిలో తినదగినవి చాలా ఉన్నాయి అని అక్కడ ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆగస్టు 21

విశ్వాసమ్మతో చెప్పాను. నా భార్య దేనికీ తొందరపడదు. గొడుగుది తప్పు కాదంటే ఆయమ్మ గిన్నెది తప్పన్నట్టే గదా, కొలువు జాగర్త అంది. నిజమే. ప్రెసిడెంటు తలుచుకుంటే నేను రేపే బదిలీ మీద ఆదోనిలో ఉంటాను. కానీ కాయితం రాసింది ఆయన కాదు, నేను.

ఆగస్టు 22

ప్రెసిడెంటు ఇంటి అరుగు మీద నిలబడే అంతా చెప్పాను. ప్రెసిడెంటు ముఖం గంటు పెట్టుకున్నాడు. తలుపు వెనక నుంచి కృష్ణవేణమ్మ, సారు సెప్పేది నిజమే, ఆ పులుసు నాలిక్కి చిలుము చిలుముగానే తగిలింది అంది. అప్పుడాయన, విషమని రాసిందీ నువ్వే, కాదనేదీ నువ్వేనా, సంతలో అందరి ముందర తిని సూపించప్పా అన్నాడు. సరే అన్నాను. ఇందులో భయపడేదేముంది, ఈసారి రెండు పేజీలూ చదివాను.

ఆగస్టు 23

హులిగెమ్మ వండనంది. వేరే జబ్బుతో నువ్వు సచ్చినా నన్నే కట్టేస్తారు అంది. ఆమెకు బాధ్యత లేదని రాసిస్తానన్నాను. ఇంగా కాయితమా అంది. నేను ఆమె గడప వదల్లేదు. చివరికి మట్టికుండ కడిగింది.

ఆగస్టు 24, ఆదివారం

పాత కాయితం చింపి, సంతలో ఆమె పక్కన చాప మీద కూర్చుని తిన్నాను. బాగుంది, కారం కొంచెం ఎక్కువ. అవసరమైతే కక్కించడానికి విశ్వాసమ్మ ఉప్పునీళ్ల చెంబుతో వెనకే నిలబడింది. మధ్యాహ్నం దాకా ఊరంతా నా ముఖమే చూసింది. హులిగెమ్మ కూడా. నాకేమీ కాలేదు. ఒక్కరూ కొనలేదు. రేపటి దాకా సూస్తాము అని పోయారు. ఆమె బుట్ట ఎత్తుకుని పోతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆగస్టు 31, ఆదివారం

నేను బతికే ఉన్నానని అందరూ ఒప్పుకున్నారు. అయినా, అవి పోయిన వారానివి, వీటిని గూడా సారు తినాల అన్నారు. తిన్నాను. అప్పుడు కొన్నారు.

సెప్టెంబరు 7, ఆదివారం

తిన్నాను. తొమ్మిదికల్లా బుట్ట ఖాళీ. వాళ్లు నమ్ముతున్నది ఇప్పటికీ నన్నే, హులిగెమ్మను కాదు.