గట్టు పక్క రైతు

చిల్లకల్లు, 14 జూలై 1959, మంగళవారం

ఇవాళ ఎనిమిదో తరగతికి 'నెయిబర్' అనే మాట చెప్పా. అర్థం పొరుగువాడు. హెడ్మాస్టారి గదిలో పెద్ద డిక్షనరీ తిరగేస్తే దాని పుట్టుక కూడా దొరికింది. పాత ఇంగ్లీషులో 'దగ్గరి రైతు' అని అర్థమట. అంటే చేను పక్కన చేనున్నవాడు. నాకు భలే సరదా వేసింది. మన గట్టు పక్క రైతే నెయిబరని పిల్లలకి చెప్పి, తలా ఒక వాక్యం ఇంగ్లీషులో రాయమన్నా.

అందరూ మా నెయిబర్ మంచివాడనే రాశారు, రూతమ్మ తప్ప. ఆ పిల్ల యాకోబు కూతురు. మా జొన్న చేనుకి అవతలి చేను వాళ్ళదే. గట్టు మీది తుమ్మచెట్టు నన్నడక్కుండా కొట్టించాడని రెండేళ్ళుగా యాకోబుతో నేను మాట్లాడ్డం లేదు. నిజానికి ఆ చెట్టులో సగం వాడిదే. అయినా ఒక మాట అడగొద్దూ? చర్చిలో కూడా వాడికి దూరంగానే కూర్చుంటా.

రూతమ్మ రాసింది ఇదీ: "మా మాస్టారు మా నెయిబర్. ఆయన మా నాన్నతో మాట్లాడరు."

"తప్పులున్నాయా మాస్టారూ?" అంది.

ఎర్రసిరా కలం పట్టుకుని రెండుసార్లు చదివా. ఒక్క తప్పు లేదు. రైటు కొట్టి ఇచ్చేశా.

సాయంత్రం ఇంటికొస్తుంటే యాకోబు ఆ గట్టు మీదే నిలబడి ఉన్నాడు. సైకిలు దిగుదామనుకున్నా. దిగలేదు.

రేపు మొదటి పీరియడు మళ్ళీ ఆ తరగతే. రూతమ్మది ముందు బెంచీ.