రోగి వేషానికి ఇక రాలేను

స్పీచ్ థెరపీ మేడమ్ గారికి,

మీ కాలేజీ పిల్లల ప్రాక్టికల్స్ కోసం మాట పడిపోయిన రోగిలా నటించడానికి నేనిక ఖమ్మం రాలేను. ఇంట్లో నేను సాధన చేస్తుంటే మా ఆయన, "ఏందే, గిట్ల నోరు వంకర పెడ్తున్నవ్?" అని పడిపడి నవ్వేవాడు. పోయిన నెల పక్షవాతం వచ్చి ఆయన మాటే పడిపోయింది. చూడ్డానికి పాల్వంచ వచ్చిన చుట్టాలు, ఆయన నోరు తెరవగానే మాట అందిస్తున్నారు. ఆయన చెప్పేదాకా నేనూ ఆగలేకపోతున్నాను. ఇప్పుడు ఆయన నోరు తెరవడమే మానేశాడు.

ఆయన పడిపోకముందు జరిగిన పరీక్షలో ఏమీ అడగకుండా నా ముందు ఊరికే కూర్చుందని మీరు ఫెయిల్ చేసిన లాస్యను ఒక్కసారి మా ఇంటికి పంపండి. ఆ రోజు ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ ఎదురుచూస్తుంటే, నటిస్తున్నానన్నది మరిచిపోయి నేను మాట్లాడబోయాను.

ఇట్లు,
మీ ఉత్తుత్తి రోగి