దేవర గొర్రె చెవి బిళ్ళ

దొడ్డిగానిపల్లి,
ముదిగుబ్బ పోస్టు,
19 మే 1985.

మేనేజరు వెంకటేశులు గారికి, మీ బ్యాంకుకు ముందుగది బాడుగకిచ్చిన వీరప్ప నమస్కారాలు. వాన లేదు, గొర్రెలకు మేత లేదు, నాకు నిద్ర లేదు, మిగతాదంతా క్షేమమే.

మిమ్మల్ని హెడ్డాఫీసుకు పిలిపించారని, గురువారం మీ మీద విచారణ అని అటెండరు ఆంజినప్ప చెప్పాడు. తిమ్మమ్మ గొర్రె చెవి బిళ్ళ అందిందని సంతకం చేశారట. అది చూపించకపోతే ఉద్యోగం పోతుందట. ఏం పని చేశారు సారూ?

గ్రామీణ బ్యాంకు మా ఊరికి వచ్చిన రోజు గుర్తుందా? ఇనుప పెట్టె వాకిలి పట్టక, మా గోడ పగలగొట్టి లోపల పెట్టించారు. ఆ గోడ పూత ఇప్పటికీ రాలుతూనే ఉంది, అది వేరే కథ. ఆడవాళ్లు పెట్టెకు పసుపు కుంకుమ పెట్టారు గానీ డబ్బు మాత్రం వేయలేదు. "ఊరోళ్ల దుడ్లన్నీ ఒక్క పెట్టెలో ఏస్తే ఏవి ఎవురివో ఎట్ల తెలుస్తాదప్పా?" అని అడిగింది తిమ్మమ్మే. మీరు నవ్వలేదు. "కొండ మీద మందలన్నీ కలిసినా నీ గొర్రెలు నీకు తెలీవా?" అన్నారు. ఆ మాటకే ఆమె మీ మొదటి ఖాతాదారైంది.

తర్వాత గొర్రెల లోన్లు వచ్చాయి. లోను గొర్రె చెవికి ఇత్తడి రేకు బిళ్ళ. గొర్రె చస్తే చెవి కోసి బిళ్ళతో సహా తెస్తేనే ఇన్సూరెన్సు. శెనక్కాయల సంచుల మీది అక్షరాలతో చదువు నేర్చిన నాకే ఆ రూలు అర్థమైంది. కానీ రూలు రాసినవాళ్లకు మా దేవర తెలియదు. తిమ్మమ్మ వాన కోసం లోను గొర్రెల్లో మేలైనదాన్నే దేవరకు విడిచింది. బ్యాంకు గొర్రెను దేవుడికిచ్చే మనిషి ఇంకెక్కడైనా ఉంటుందా? విడిచిన జీవానికి చచ్చినా ఇనుము తగలకూడదు. దేవర వాన పంపలేదు, గొర్రెను మాత్రం తీసుకున్నాడు. "చెవి కొయ్యను సారూ. మీ దుడ్లు మీకాడే పెట్టుకోండి" అని బిళ్ళతోనే పూడ్చింది. మీరు గుంట చూసి వచ్చి సంతకం పెట్టారు.

విచారణ సంగతి నేనే ఆమెకు చెప్పి, గుంట తవ్వి బిళ్ళ తీయమన్నాను. "గడ్డపార తగలనీను. నన్నడగొద్దు పెద్దాయనా" అని వెళ్లింది. అప్పటినుంచి మనిషి లేదు, దొడ్డి ఖాళీ. "సారును ముంచి బెంగుళూరు పోయిందన్నా నీ తిమ్మమ్మ" అంటున్నాడు హోటలు సుంకప్ప. నాకు కోపమొచ్చి టీ వదిలేసి వచ్చాను. వాకిట్లో చప్పుడైతే లేస్తున్నాను, కుక్కను చూసి కూర్చుంటున్నాను.

ఏ కబురూ లేక ఉత్త కాగితం పంపుతున్నందుకు మన్నించండి.

ఇట్లు, మీ మేలు కోరే
వీరప్ప

తా.క.: కవరు అంటించబోతుంటే తిమ్మమ్మ వచ్చింది. ఇన్నాళ్లూ గుంట దగ్గరే ఉందట. మందను చెల్లెలి ఊరికి తోలి, వాటికి దాచిన నీళ్లు కడవలతో మోసి గుంటలో పోసింది. నేల మెత్తబడ్డాక వట్టి చేతులతో తవ్వింది. చెవి మట్టయిపోయింది; బిళ్ళ దానంతటదే ఊడి వచ్చింది. ఆ వేళ్లకు గోళ్లు లేవు సారూ. బిళ్ళను ఆంజినప్ప రేపు తొలి బస్సుకు తెస్తాడు. ఆమె రాయమన్నది రాస్తున్నాను: "ఇనుము తగల్లేదని సారుకు రాయి. నా మాట నాకుండాది, ఆయన సంతకం ఆయనకుండాది."