వత్తి నల్లబడని కొవ్వొత్తి

పోర్తు సెర్రా, సార్డీనియా
18 ఆగస్టు 1968

ప్రియమైన ఎఫీసియో,

తూరిన్‌లో కార్ల ఫ్యాక్టరీ పని ఎలా ఉంది? అక్కడివాళ్లు వైన్‌లో నీళ్లు కలుపుకుని తాగుతారని మీ అమ్మ ఊరంతా చెప్పుకుంటోంది. ఊరొదిలి పోయినందుకు నీకు తగిన శాస్తే జరిగిందని నవ్వుకున్నాను. పది నెలల్లో నేను నవ్వడం అదే మొదటిసారి.

మీ అన్న రైమొందు పోయాక వైన్ సంఘంలో నాకు సీసాలకి లేబుళ్లు అంటించే పని ఇచ్చారు. నా బల్ల వెనకాలే ద్రాక్ష పులియబెట్టే నాలుగో నంబరు తొట్టి గోడ, ఆయన ప్రాణం పోయిన తొట్టి. పిప్పి ఎత్తేసి మూత వేశాక మళ్లీ ఎవరూ తెరవలేదు. మధ్యాహ్నం పూట సీసాల యంత్రం ఆపితే ఆ ఖాళీ తొట్టి లోపలి నుంచి తట్టినట్టు వినబడుతుంది. రెండుసార్లు. కాస్త ఆగి మళ్లీ రెండు. పక్కన కూర్చునే అస్సుంతా కూడా విని శిలువ గుర్తు వేసుకుంటుంది. లోపల దిగినవాడూ పైన కాపలా ఉన్నవాడూ గోడ తట్టి మాట్లాడుకుంటారని మీరు చెప్పేవారుగా. రెండు తడితే ఏమని అర్థం?

అసలు అడగాల్సింది ఇది. విషపు గాలి ఉందేమో చూడ్డానికి వెలిగించిన కొవ్వొత్తిని తాడుతో లోపలికి దించి, అది ఆరిపోకపోతేనే మీవాళ్లు తొట్టిలో కాలు పెడతారు. ఆయన ఇరవై ఏళ్లు అలాగే చేశాడు. ఆ రోజు మూత పక్కన దొరికిన కొవ్వొత్తి నా పెట్టెలో ఉంది. దాని వత్తి తెల్లగా ఉంది, ముట్టించనే లేదు. ఆ వసంతంలో మా పసిగుడ్డు పోయింది కదా, ఆ దిగులుతో కావాలనే దిగాడని ఊరు తేల్చేసింది. అత్త కూడా నమ్మింది. వారం తిరక్కుండానే వచ్చిన ఆత్మల పండగకి, పోయినవాళ్లకి వడ్డించే భోజనంలో, మామయ్యకి పళ్లెం పెట్టింది, చచ్చిపోయిన తన అక్కకి పెట్టింది, కన్నకొడుక్కి మాత్రం పెట్టలేదు. "వాడు మనల్ని వద్దనుకుని పోయాడు. మనమెందుకే పిలవడం?" అంది.

ఆయన నాతో ఉండలేకే పోయాడా, ఎఫీసియో? సొంత తమ్ముడివి కాకపోయినా పదేళ్లు ఆయన పక్కనే పనిచేశావు. ఏమైందో నీకు తెలియకుండా ఉండదు. చెప్పు.

నీ వదిన,
బొనారియా


తూరిన్
1 సెప్టెంబరు

ప్రియమైన వదినా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఎండకి సిమెంటు చిటపటమంటుంది, గొట్టాలు పాతవి. చప్పుడు వాటిదే. ఆ బల్ల మార్పించుకో.

అన్న నిన్ను వదిలి పోయే మనిషి కాదు. ఏదో తొందరలో మరిచిపోయి ఉంటాడు. నేను చూడలేదు. ఆ వేళ కాటా దగ్గర ద్రాక్షబండ్లు తూస్తున్నాను, వచ్చేసరికి అంతా అయిపోయింది. అప్పుడూ ఇదే చెప్పాను. ఇక తవ్వకు వదినా. చలికాలానికని ఉన్ని శాలువా ఒకటి పంపుతున్నాను.

నీ మరిది,
ఎఫీసియో


పోర్తు సెర్రా
9 సెప్టెంబరు

ఎఫీసియో,

ప్రియమైన అని రాయబోతే చెయ్యి రాలేదు. శాలువా అందింది. మడత విప్పలేదు.

ఆయన పోయింది గురువారం. ఆ ఏడు ఆఖరి బండి వచ్చింది సోమవారం. మంగళవారం కాటా కడిగి గోనెలు కప్పింది నేనూ అస్సుంతానూ. గురువారం నువ్వు ఏం తూశావు, గాలా? ఇన్నాళ్లూ ఏడుపులో రోజులు కలిసిపోయి నాకు తట్టలేదు.

ఈ ఏడు కాపు విరగకాసింది. నాలుగో తొట్టి నింపక తప్పదంటున్నాడు సంఘం పెద్దాయన. దిగి కడగడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. "కాళ్లు పట్టి లాగుతుంది" అంటాడు ఒకడు. "నా పెళ్లాన్ని విధవల నల్లబట్టల్లో చూడాలని నాకేం సరదా లేదు" అంటాడు ఇంకొకడు.

నిన్న నేను గోడకి చెవి ఆనించి, తిరిగి రెండుసార్లు తట్టాను. అటుపక్క ఎవరో వింటున్నట్టు చప్పుడు ఆగిపోయింది. నాకు భయం వేయలేదు. అలా భయం వేయకపోవడమే భయంగా ఉంది.

శాలువా కప్పి నా నోరు మూయకు. జరిగింది రాయి.

బొనారియా


తూరిన్
18 సెప్టెంబరు

ప్రియమైన వదినా,

ఒకసారి తడితే 'బాగానే ఉన్నాను' అని. రెండుసార్లంటే 'రా' అని. ఆ రోజు రెండుసార్లు తట్టింది నేను.

ముందు దిగింది నేనే. అన్న అగ్గిపెట్టె కోసం వెళుతూ, "నేనొచ్చేదాకా ఆగరా, గాడిదా" అని చెప్పే వెళ్లాడు. వైన్ తీసేసి మూడు రోజులైంది, ఇంకా విషపు గాలి ఎక్కడుంటుందిలే అనుకున్నాను. ఆయన వచ్చేలోపు సగం పిప్పి ఎత్తేసి, నీ కొవ్వొత్తి ముసలాళ్ల చాదస్తం అని వెక్కిరిద్దామనుకున్నాను. నాలుగు పారలు ఎత్తానో లేదో మోకాళ్లు మడతపడ్డాయి. పారతో గోడ మీద రెండు కొట్టాను. ఆ తరవాత నాకు గుర్తున్నది నా పొట్ట కింద ఆయన భుజం, కిర్రుమంటున్న నిచ్చెన, మొహానికి తగిలిన చల్లగాలి. తెలివొచ్చేసరికి మూత దగ్గర సగం బయటికి పడి ఉన్నాను. ఆయన కింద ఉన్నాడు. పైన నా పక్కనే కొవ్వొత్తి, అగ్గిపెట్టె. ముట్టించే టైము ఆయనకి లేదు వదినా. మళ్లీ దిగే ధైర్యం నాకు లేదు.

కేకలు వేస్తూ పరుగెత్తాను. "నువ్వెక్కడున్నావురా?" అని ఎవరో అడిగితే కాటా అని నోటికొచ్చింది. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోలేక సముద్రం దాటి పారిపోయాను. ఊరు ఆయన్ని ఏమనుకుంటోందో అమ్మ రాసింది. చదివి పొయ్యిలో పడేశాను. ఇక్కడ రేకులు కొట్టే మర కూడా నాకు రెండేసి దెబ్బలుగానే వినిపిస్తుంది.

ఈ ఉత్తరం ఎవరికైనా చూపించు.

నీ మరిదినని రాసుకునే మొహం లేదు,
ఎఫీసియో


పోర్తు సెర్రా
25 సెప్టెంబరు

ప్రియమైన ఎఫీసియో,

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. తరవాత లేచి ఆయన పళ్లెం కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టింది. చెంచా పెట్టింది. పోయినవాళ్లకి కత్తి పెట్టం కదా, అది మరిచిపోలేదు. ఆత్మల పండగ ఇంకా నెలకి పైన ఉంది అత్తా అన్నాను. "ఏడాదిగా ఆకలితో ఉన్నాడే. ఇంకా నెల ఆగమంటావా?" అని గ్లాసులో నిరుటి వైన్, ఆయన చేతి వైన్, అంచుదాకా పోసింది.

ఆదివారం గుడి మెట్ల మీద నిలబడి ఊరందరికీ చదివాను. నిన్నటిదాకా ఆయన మీద కోపంతో ఏడ్చాను, ఇప్పుడు ఆయన కోసం ఏడుస్తున్నాను. నీ మీద కోపం వేరే ఉంది. అది ఎప్పటికి చల్లారుతుందో నాకే తెలీదు.

తట్టడం ఆగలేదు. అవే రెండు. పిలుస్తున్నది నన్నేమో అనుకున్నాను. నన్ను కాదు.

అక్టోబరు ఏడో తారీఖు నుంచి నాలుగో తొట్టిలో ద్రాక్ష పోస్తారు. ఇంకా ఎవరూ దిగలేదు. ఐదో తారీఖు ఓడకి రా. మూత పక్కన నేనుంటాను. ఆ తెల్లవత్తి కొవ్వొత్తిని నా చేత్తో ముట్టించి దించుతాను. అది ఆరకుండా ఉంటేనే నువ్వు దిగాలి. దిగాక నేను పైనుంచి ఒకసారి తడతాను. నువ్వు లోపలి నుంచి తట్టాలి.

ఒక్కసారే.

నీ వదిన,
బొనారియా