దివాకర్ మందు కొడుతున్నాడు

కోనరావుపేట,
10-8-1998

పూజ్యులైన మా ఆయనకు,

వజ్రమ్మ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మన పాప సృజనా, మీ తమ్ముడు దివాకరూ బాగానే ఉన్నాం. బాగా లేనివి పత్తి, కొర్రమీన్లు. పత్తికి పురుగు పట్టింది. ఆ దిగులుతో దివాకర్ మూడు రోజులకోసారి మందు కొడుతున్నాడు. కొట్టి వచ్చి, మన మంచినీళ్ల బావి గట్టునే డబ్బా కడుగుతున్నాడు. మీరు మస్కట్ పోయేముందు ఆ బావిలో వదిలిన కొర్రమీన్లు ముప్పై ఉండేవా, ఇప్పుడు ఇరవైకి వచ్చాయి. నాకు భయంగా ఉంది. నేను చెబితే వినడు. మీరొక మాట రాయండి.

మీ
వజ్రమ్మ

తా.క. ఏసీ ఆఫీసులో కూర్చునే ఉద్యోగం కదా, చలి పెడుతోందేమో. గొంగడి పంపమంటారా?

మస్కట్,
1-9-1998

వజ్రమ్మకు రాజేశం ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. నాలుగు తరాలుగా తాటిచెట్లెక్కి ఊరికి కల్లు పోసిన ఇల్లు మనది. అలాంటి ఇంట్లో మందు వాసనా? పత్తికి పురుగు పడితే వీడు మందు కొడతాడా? కొడితే పురుగు చస్తుందా? పైగా నా కొర్రమీన్లు తగ్గుతున్నాయంటావు. వాటినే నంజుకుంటున్నాడా? డబ్బా కడిగిపెట్టే శుభ్రం మాత్రం బాగా నేర్చాడు! వెంటనే మానమన్నానని చెప్పు.

ఇట్లు
రాజేశం

తా.క. ఒక్కడే కొడుతున్నాడా, జత ఎవరైనా ఉన్నారా? పేర్లు రాయి.

కోనరావుపేట,
20-9-1998

మా ఆయనకు వజ్రమ్మ నమస్కారాలు.

కొడితే పురుగు చస్తుందా అన్న మీ మాట దివాకర్‌కు చదివి వినిపించాను. "అదే గద వదినె నా బాధ! ఎంత గొట్టినా సస్తలేదు. గందుకే ఇంకింత గట్టిది తెచ్చిన" అన్నాడు. కొర్రమీన్లను అతను ముట్టలేదు, పాపం. చచ్చినవాటిని పిల్లి కూడా ముట్టలేదు. జత రాజమల్లు ఉన్నాడు. ఇద్దరూ కలిసి రోజుకు పది డబ్బాలు కొడుతున్నారు. పక్క చేను శంకరవ్వ కూడా మొదలుపెట్టింది.

కొర్రమీను గాలి మింగడానికి పైకొచ్చి వెంటనే లోపలికి పోతుంది కదా. ఇప్పుడు పైనే నోరు తెరుచుకుని, తూలుతూ తిరుగుతున్నాయి. తొమ్మిదే మిగిలాయి. మేం తాగేది ఆ నీళ్లే కదండీ. నేను దూరం బోరు నుంచి రెండు బిందెలు మోసుకొస్తున్నా, సృజన ఆడుకుంటూ బావి నీళ్లే తాగేస్తోంది. నా ప్రాణం నిలవడం లేదు.

మీ
వజ్రమ్మ

తా.క. "కాకతోని పోయి నేను గూడ మందు కొడ్త" అని దివాకర్ వెంటపడి సృజన ఒకటే ఏడుపు. పెద్దయ్యాక చూద్దామని ఊరుకోబెట్టాను.

ఇంకో తా.క. మీ అక్షరాలు వంకర పోతున్నాయేం? "అన్న ఏసీల వణుకుతున్నడు" అంటున్నాడు దివాకర్.

మస్కట్,
9-10-1998

వజ్రమ్మా,

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు. రోజుకు పది డబ్బాలా! శంకరవ్వ కూడానా! అరవై ఏళ్ల ముసలమ్మ! చేపలు కూడా తూలుతున్నాయంటే వాటిని కూడా వదల్లేదన్నమాట. ఇక సృజన సంగతి పెద్దయ్యాక చూద్దామా? నువ్వసలు తల్లివేనా? మా గదిలో ఉండే కోరుట్లవాళ్లు, జగిత్యాలవాళ్లు నీ ఉత్తరం విని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "నీ ఇల్లు మునిగింది రాజేశం" అన్నాడు జగిత్యాల నరేశ్.

ఈ ఉత్తరం అందగానే ఇంట్లో ఉన్న మందంతా ఆ బావిలోనే కుమ్మరించండి. ఎలాగూ అలవాటు చేశారు కదా, ఆ చేపలే తాగి పోనీ. కుమ్మరించలేదని తెలిస్తే వీసా వదిలేసి వస్తాను.

రాజేశం

తా.క. కుమ్మరించేటప్పుడు సృజనను దగ్గరికి రానివ్వకు. పిల్లకు ఆ వాసన కూడా తగలొద్దు.

కోనరావుపేట,
28-10-1998

మా ఆయనకు,

మీ ఉత్తరం దివాకరే చదివాడు. అన్న మాట కాదనడు కదా. గట్టి మందు డబ్బా ఎత్తుకుని బావి దగ్గరికి పోయి మూత తీశాడు. నేను ఉరికి వెళ్లి అడ్డం పడ్డాను. "అన్ననే పొయ్యమన్నడు వదినె" అంటాడు. "ఇంకోపారి సదువు" అన్నాను. మళ్లీ చదివాడు. "ఆ చేపలే తాగి పోనీ" అన్నచోట ఆగాడు.

"వదినె, మనం తాగుతున్నమనుకుంటున్నడు అన్న!"

కొట్టేది పత్తికండీ! పురుగుల మందు! ఇద్దరం గట్టు మీద కూలబడి నవ్వాం. నవ్వు ఆగాక ఆ డబ్బా మూత గట్టిగా బిగించాను. ఆ ఉత్తరం రెండోసారి చదవకపోతే, సృజన తాగే నీళ్లలో... నేను రాయలేను. దివాకర్‌కు అప్పుడు భయం పట్టింది. ఇక ఆ డబ్బా బావి దరిదాపులకు తేనని సృజన నెత్తిమీద చెయ్యి పెట్టాడు. బావి నీళ్లు మానేశాం. చివరికి మిగిలిన ఒక్క కొర్రమీనును గోళెంలో బోరు నీళ్లు పోసి అందులో వేశాను. ఇంకా ఒక పక్కకు ఒరిగే ఉంది.

మీ
వజ్రమ్మ

తా.క. శంకరవ్వకు సంగతి తెలిసింది. మీరు వచ్చేటప్పుడు ఊళ్లోకి వెనక దారిన రండి.

ఇంకో తా.క. ఈసారి మీ అక్షరాలు మరీ అన్యాయం. "అన్ననే మందు కొట్టి రాసిండు" అంటున్నాడు దివాకర్.

మస్కట్,
16-11-1998

వజ్రమ్మకు, దివాకర్‌కు, ముఖ్యంగా శంకరవ్వకు రాజేశం దండాలు. నన్ను క్షమించండి.

దివాకర్ అన్నది నిజమే. నేను మందు కొడుతున్నాను.

ఏసీ ఆఫీసు అబద్ధం వజ్రమ్మా. తాటిచెట్లెక్కేవాడినని తెలిసి నన్ను ఖర్జూరపు తోటకు పంపారు. రెండేళ్లుగా ఆ చెట్లెక్కి పురుగుల మందు కొడుతున్నాను. ఇక్కడ దాన్ని దవా అంటారు. అందుకే నువ్వు మందు అంటే నాకు సీసాలే గుర్తొచ్చాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోను, ఈ ఉక్కకు ఊపిరాడదు. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. చేపల గురించి నువ్వు రాసిన ప్రతి మాటా నిన్న మళ్లీ చదివాను. నోరు తెరిచి గాలి మింగడం, తూలడం, ఒక పక్కకు ఒరగడం. అన్నీ నాకూ ఉన్నాయి. చెయ్యి నిలవదు, అందుకే అక్షరాలు అలా పోతున్నాయి. ఇక మందు దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. తోట యజమాని కాళ్లు పట్టుకుంటే వచ్చే నెల పంపిస్తానన్నాడు. వస్తున్నాను. నాకు భయంగా ఉంది.

నీ
రాజేశం

తా.క. ఆ గోళెంలో కొర్రమీను సరిగ్గా ఈదుతోందా? ఈ ఉత్తరం అందగానే, వేరే ఏమీ రాయకపోయినా సరే, అదొక్కటి రాయి.