శీను చేతి దారం

ఏమయ్యా, ఇవాళ నీ సంవత్సరీకం. పిండం పెట్టాల్సిన మన శీను ఆస్పత్రిలో ఉన్నాడు. పనికి పోయిన సచిన్ ఊళ్లో మగ్గం తగిలి కాలికి గాయమైతే ఆపరేషన్ చేశారు. ఆ కుట్ల దగ్గరే చీము పట్టింది. పరీక్ష చేస్తే చాలా మందులకు లొంగని పురుగని తేలిందట. మిగిలిన ఒక్క మందునూ నిన్నటి నుంచి ఎక్కిస్తున్నారు. అదీ పని చేయకపోతే ఎట్లా అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. అప్పటి నుంచి కూర్చోలేను, నిలబడలేను.

ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా నువ్వు మగ్గం మీది పోగు తెంపి, పసుపు రాసి చేతికి కట్టేవాడివి కదా. శీనుకు నేనూ అలాగే కట్టాను. నర్సు చూసి తీసేయమంది. కోడలు నన్ను పక్కకు పిలిచింది.

"పురుగు గా దారంల కూడ ఉంటదంట అత్తమ్మా. జర విప్పుండ్రి."

"మీ మామ కట్టినప్పుడు లేని పురుగు ఇప్పుడు యాడికెళ్ళి వచ్చిందే?"

"గప్పుడు మందులు పని చేసేటియి."

చేతులు కడుక్కుని, వాళ్లిచ్చిన రబ్బరు తొడుగులు వేసుకున్నాను. వాటితో ముడి పట్టు చిక్కలేదు. కోడలే విప్పి, నర్సు చూపించిన డబ్బాలో పడేసింది. వాడి నుదుటి మీద చెయ్యి పెట్టాను. తొడుగుల్లోంచి జ్వరం ఉందో తగ్గిందో తెలియలేదు.

ఇంటికొచ్చి నీ పాత కండె నుంచి పోగు తెంపి, పసుపు రాసి నీ ఫొటోకు కట్టాను. వాడికి జ్వరం దిగేదాకా నువ్వైనా విప్పకు.